పైవాడికీ కిందివాడికీ మధ్య ముడి: రైట్‌వింగ్ పాపులిజంలో కుట్ర సిద్ధాంతాల కథ

మీరు మూడు సంగతులు అడిగారు. కుట్ర సిద్ధాంతాలు ట్రంప్‌తో, సోషల్ మీడియాతో వచ్చినవా, ముందునుంచీ ఉన్నవా? లెఫ్ట్‌లో కంటే రైట్‌వింగ్ పాపులిజంలోనే, అంటే జనం పక్షాన పెద్దల మీద తిరగబడతామనే రైట్‌వింగ్ రాజకీయంలోనే, అవి ఎందుకు అంత గట్టిగా పాతుకుపోతాయి? నిజమైన కుట్రలు కూడా జరిగాయి కదా, మరి తేడా పట్టుకోవడం ఎలా?

రాజకీయ ప్రచారాల చరిత్ర చదవడం, చెప్పడం నా పని. పాత కరపత్రాలు, ఆగిపోయిన పత్రికల ఫైళ్లు తిరగేస్తూ చాలా ఏళ్లు గడిపాను. మొదటి ప్రశ్నకు జవాబు తేలిక: ఫేస్‌బుక్ కంటే రెండు వందల ఏళ్లు పాతవి. రెండోదే అసలైన ప్రశ్న. దాంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ జవాబు చేతిలో ఉంటే చరిత్ర అంతా వేరుగా కనిపిస్తుంది.

జాన్ జూడిస్ అనే అమెరికన్ జర్నలిస్టు పాపులిజంలో రెండు రకాలున్నాయంటాడు. లెఫ్ట్ పాపులిజంలో పాత్రలు రెండే: కింద జనం, పైన పెద్దలు. రైట్ పాపులిజంలో మూడు: జనం, పైన పెద్దలు, ఆ పెద్దలు వెనకేసుకొస్తున్నారని చెప్పే మూడో గుంపు. ఆ మూడో గుంపు వలసవాళ్లు కావచ్చు, మైనారిటీలు కావచ్చు, వేరే మతంవాళ్లు కావచ్చు. ఇంతవరకూ ఆయన మాట. ఇక్కడినుంచి నా మాట. ఆ మూడు పాత్రల కథలో పెద్ద చిక్కొకటి ఉంది. వేల కోట్ల ఆస్తి ఉన్న ఫైనాన్షియరుకూ, కట్టుబట్టలతో సరిహద్దు దాటి వచ్చినవాడికీ ఏమిటి సంబంధం? ఒకడి లాభం ఇంకొకడి లాభం కాదు, ఒకడి ప్రపంచం ఇంకొకడికి తెలియదు. అయినా ఇద్దరూ ఒక జట్టేనని జనాన్ని నమ్మించాలి. బయటికి కనిపించే కారణం దొరకదు కాబట్టి కనిపించని కారణం ఒకటి పుట్టాలి. పైవాడినీ కిందివాడినీ కలిపే ఆ ముడే కుట్ర సిద్ధాంతం. లెఫ్ట్‌వాళ్లకు ఇంత అవసరం పడదు. ఫ్యాక్టరీ యజమాని జీతాలు ఎందుకు తగ్గించాడో చెప్పడానికి రహస్య సంఘం అక్కర్లేదు, లాభనష్టాల పట్టిక చాలు.

అంతమాత్రాన లెఫ్ట్‌వాళ్లు ఈ పని చేయలేదని కాదు. 1892లో అమెరికా రైతుల పీపుల్స్ పార్టీ ఒమాహాలో ఆమోదించిన ప్రణాళికలోనే, మానవజాతి మీద రెండు ఖండాల్లో మహాకుట్ర నడుస్తోందని రాసుకుంది. రైల్వేలను ప్రభుత్వం తీసుకోవాలని అడిగిన పార్టీ అది. 1953 జనవరిలో స్టాలిన్ ప్రభుత్వం యూదు డాక్టర్లు సోవియట్ నాయకులను చంపుతున్నారని ప్రకటించింది, ఆయన పోయిన నెలరోజులకు ఆ కేసంతా కల్పితమని అదే ప్రభుత్వం ఒప్పుకుంది. కుట్ర కథ ఎవరి సొత్తూ కాదు. కానీ కొందరికి అది చేతికర్ర, కొందరికి వెన్నెముక.

సరే, చరిత్రకు వద్దాం. 1797లో, ఫ్రెంచి విప్లవం వేడి ఇంకా తగ్గకముందే, రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి లండన్‌లో తలదాచుకున్న ఫ్రెంచి మతగురువు ఒగుస్తిన్ బారుయేల్ రాసింది, ఇంకొకటి స్కాట్లండ్ శాస్త్రవేత్త జాన్ రాబిసన్ రాసింది. ఇద్దరూ చెప్పింది ఒకటే: విప్లవం ఆకలితో, అప్పులతో, అన్యాయంతో రాలేదు, ఇల్యూమినాటి అనే రహస్య సంఘం దాన్ని రాజేసింది. ఆ సంఘం ఉన్న మాట నిజమే. 1776లో బవేరియాలోని ఇంగోల్‌స్టాట్‌లో ఆడమ్ వైస్‌హాప్ట్ అనే ప్రొఫెసరు పెట్టాడు. 1780ల మధ్యలోనే బవేరియా ప్రభుత్వం నిషేధించింది, సంఘం చెదిరిపోయింది. విప్లవం 1789లో వచ్చింది. చచ్చిన సంఘం విప్లవం ఎలా చేసిందంటే, చచ్చినట్టు నటిస్తోంది అన్నారు. ఈ ఒక్క ఎత్తు గుర్తుపెట్టుకోండి, తర్వాత రెండు శతాబ్దాలు ఇదే ఎత్తు నడుస్తుంది.

అయితే ఇది అప్పటికి జనం కథ కాదు. జనమంటే హడలిపోయిన పెద్దల కథ. 1798లో బోస్టన్‌లో జెడిడయా మోర్స్ అనే పాస్టరు ఇల్యూమినాటి అమెరికాలోకీ చొరబడిందని ప్రసంగించాడు. ఫెడరలిస్టు పార్టీ పెద్దలకు అది ప్రత్యర్థి నాయకుడు జెఫర్సన్ మీద పనికొచ్చింది. రుజువులు అడిగితే మోర్స్ దగ్గర గట్టివేమీ లేవు. 1800 ఎన్నికల్లో జెఫర్సన్ గెలిచాడు, కథ చల్లబడింది.

పై కథను జనం కథగా మార్చినవాళ్లలో ఒకడు ఆ పాస్టరు కొడుకే కావడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. శామ్యూల్ మోర్స్, టెలిగ్రాఫ్ మోర్స్. 1834లో పత్రికకు వరసగా ఉత్తరాలు రాశాడు, మరుసటి ఏడాది అవి పుస్తకంగా వచ్చాయి. వియన్నాలో లియోపోల్డీన్ ఫౌండేషన్ అనే క్యాథలిక్ సంస్థ ఒకటి ఉండేది, అమెరికాలోని క్యాథలిక్ మిషన్లకు డబ్బు పంపేది. మోర్స్ దాన్ని పట్టుకుని, ఆస్ట్రియా చక్రవర్తి, ఆయన మంత్రి మెటర్నిక్, పోపు కలిసి అమెరికా ప్రజాస్వామ్యాన్ని కూల్చడానికి పేద ఐరిష్, జర్మన్ క్యాథలిక్కులను ఓడల్లో పంపిస్తున్నారని రాశాడు. చూడండి, మూడు పాత్రలూ వచ్చేశాయి: పైన యూరప్ చక్రవర్తులు, కింద ఓడ దిగిన కూలివాడు, మధ్యలో మోసపోతున్న మంచి అమెరికన్. ఆ కూలివాడు కరువు తట్టుకోలేక వచ్చి ఉంటాడన్న ఆలోచనకు ఇందులో చోటే లేదు. 1834 ఆగస్టులో బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో ఉర్సులైన్ కాన్వెంటును ఒక గుంపు తగలబెట్టింది. మోర్స్ 1836లో న్యూయార్క్ మేయర్ పదవికి వలస వ్యతిరేక అభ్యర్థిగా నిలబడి చిత్తుగా ఓడాడు. కానీ ఆయన నాటిన మాట 1850ల్లో 'నో నథింగ్' ఉద్యమమై 1854 ఎన్నికల్లో మసాచుసెట్స్‌ను ఊడ్చేసింది. 1856లో వాళ్ల అధ్యక్ష అభ్యర్థి మిలర్డ్ ఫిల్‌మోర్‌కు 21 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి, గెలిచిన రాష్ట్రం మేరీలాండ్ ఒక్కటే. రహస్య కుట్రను ఎదిరిస్తామని బయల్దేరిన ఈ ఉద్యమం తానే ప్రమాణాలతో, సంకేతాలతో నడిచిన రహస్య సంఘం. ఎవరైనా అడిగితే సభ్యులు "నాకేం తెలీదు" అనేవారు, పేరు అలాగే వచ్చింది.

ఫ్రాన్స్‌లో ఇదే అచ్చు ఇంకొంచెం పదునెక్కింది. ఎడ్వార్ ద్రుమోఁ 1886లో యూదులు ఫ్రాన్స్‌ను ఆక్రమించారంటూ లావుపాటి పుస్తకం రాశాడు, 1892లో దినపత్రిక పెట్టాడు. పనామా కాలువ కంపెనీ దివాలా తీసి వేలాది చిన్న మదుపరులు మునిగిపోయిన సమయం అది. ఎంపీలు లంచాలు తిన్నది నిజం. ఆ కుంభకోణంలో మధ్యవర్తుల్లో ఇద్దరు ముగ్గురు యూదులున్నది నిజం. ద్రుమోఁ చేసిందల్లా ఆ ఇద్దరు ముగ్గుర్ని మొత్తం జాతిని చేయడం. 1894లో యూదు ఆర్మీ కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రైఫస్ జర్మనీకి రహస్యాలు అమ్మాడని అరెస్టయినప్పుడు నేల సిద్ధంగా ఉంది. ఆయన నిర్దోషి అన్నవాళ్లందరి వెనక "సిండికేట్" అనే యూదు డబ్బు ముఠా ఉందని పత్రికలు రాశాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. డ్రైఫస్ మీద తిరుగులేని సాక్ష్యమని ఆర్మీ చూపించిన కాగితం కల్నల్ ఆన్రీ అనే అధికారి స్వయంగా తయారుచేసిన నకిలీ. 1898 ఆగస్టులో దొరికిపోయాడు, ఒప్పుకున్నాడు, జైలు గదిలో గొంతు కోసుకుని చనిపోయాడు. మామూలుగా అయితే కథ అక్కడితో ముగియాలి. జరిగింది వేరు. షార్ల్ మోరాస్ అనే యువ రచయిత ఆ నకిలీ పత్రం దేశభక్తితో చేసిన పనే అని సమర్థించాడు. ఆ ఏడాది డిసెంబరులో ద్రుమోఁ పత్రిక ఆన్రీ భార్యకు కోర్టు ఖర్చుల కోసమంటూ చందాల జాబితా తెరిచింది. నెలరోజుల్లో లక్షా ముప్పై వేల ఫ్రాంకులు వచ్చాయి. పంపినవాళ్ల పేర్లు, వాళ్లు రాసిన మాటలు రోజూ అచ్చయ్యాయి. సైనికాధికారులు, మతగురువులు, కూలీలు, దర్జీలు, అందరూ ఉన్నారు. చందాతోపాటు యూదులను ఏం చేయాలో కూడా రాశారు. చదువుతుంటే కడుపులో దేవినట్టు ఉంటుంది. రుజువు కూలిపోయింది, నమ్మకం బలపడింది. ఈ చందాల జాబితా ఒక్కటి చదివినవాడు సోషల్ మీడియా వల్లే జనం పాడయ్యారని అనలేడు.

తర్వాతి మెట్టు అందరికీ తెలిసిన నకిలీ: 'సియోను పెద్దల ప్రోటోకాల్స్'. 1903లో రష్యాలోని పీటర్స్‌బర్గ్‌లో పావెల్ క్రుషెవాన్ అనే పత్రికాధిపతి ధారావాహికగా వేశాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో కిషినేవ్‌లో యూదుల మీద జరిగిన ఊచకోతకు ముందు జనాన్ని రెచ్చగొట్టిన పత్రిక కూడా ఆయనదే. ప్రపంచాన్ని ఏలడానికి యూదు పెద్దలు రహస్యంగా కూర్చుని వేసుకున్న పథకమని ఆ పత్రం చెప్పుకుంటుంది. 1921లో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ దాని గుట్టు విప్పాడు. కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక రష్యన్ కాందిశీకుడు ఆయన చేతికి పాత ఫ్రెంచి పుస్తకం ఇచ్చాడు. మోరిస్ జోలీ అనే లాయరు 1864లో మూడో నెపోలియన్‌ను వెక్కిరిస్తూ రాసిన పుస్తకమది, నరకంలో మాకియవెల్లికీ మాంటెస్క్యూకీ జరిగిన సంభాషణ. రాసినందుకు జోలీకి పదిహేను నెలల జైలు. అందులో యూదుల కుట్ర ఊసే లేదు. నకిలీ చేసినవాళ్లు మాకియవెల్లి మాటలు తీసుకెళ్లి యూదు పెద్దల నోట్లో పెట్టారు.

ఎంత మక్కికి మక్కి అంటే, జోలీ మాకియవెల్లి ఒకచోట విష్ణుమూర్తిలాగా నా పత్రికలకు వంద చేతులుంటాయంటాడు. ప్రోటోకాల్స్‌లో కూడా పత్రికల గురించి చెప్పేచోటే విష్ణువు వస్తాడు, వంద చేతులతోనే. మనకు తెలిసిన విష్ణువుకు నాలుగే చేతులు. ఫ్రెంచివాడి తెలియనితనాన్ని కూడా వదలకుండా ఎత్తేశారు.

ఈ బండారం బయటపడి వందేళ్లు దాటింది. పుస్తకం ఇంకా అమ్ముడవుతూనే ఉంది. హెన్రీ ఫోర్డ్ తన వారపత్రికలో 1920 నుంచి దాని సారాన్ని అమెరికన్ ఇళ్లకు చేర్చాడు, పరువునష్టం దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పాడు. హిట్లర్ అయితే, ఇది నకిలీ అని పత్రికలు అంతగా మొత్తుకోవడమే ఇది నిజమనడానికి రుజువని రాశాడు. ఎందుకంత గట్టిగా అతుక్కుంది? నా ఉద్దేశంలో ఆ ముడి అంత గట్టిగా మరెవరూ వేయలేదు. రష్యాలో బోల్షివిక్కులు బ్యాంకులను లాక్కుంటున్నారు, లండన్‌లో బ్యాంకర్లు బోల్షివిక్కులంటే వణుకుతున్నారు. ఇద్దరూ బద్ధశత్రువులు. ప్రోటోకాల్స్ నమ్మినవాడికి మాత్రం బ్యాంకరూ వాడే, బోల్షివిక్కూ వాడే. కొట్టుకోవడం నాటకం. ఆస్తి పోతుందని భయపడే చిన్న దుకాణదారుకు, పైనుంచి అప్పులవాడు, కిందనుంచి సమ్మె చేసే కార్మికుడు నలిపేస్తున్నప్పుడు, ఇద్దర్నీ ఒకే పేరుతో పిలవగల కథ దొరికింది.

అది జర్మనీలో మొదటి ప్రపంచయుద్ధపు ఓటమికి తగులుకుంది. 1918 సెప్టెంబర్ 29న స్పా పట్టణంలోని సైనిక ప్రధాన కేంద్రంలో, యుద్ధం నడిపిన జనరల్ లూడెన్‌డార్ఫ్ స్వయంగా చక్రవర్తి కైజరుకు చెప్పాడు, యుద్ధం ఓడిపోయాం, వెంటనే కాల్పుల విరమణ అడగాలని. రెండు రోజుల తర్వాత తన అధికారులతో అన్నదాని సారాంశం: మనల్ని ఈ స్థితికి తెచ్చిన పార్టీలవాళ్లనే ప్రభుత్వంలో కూర్చోబెడదాం, సంధి వాళ్లే చేసుకోవాలి, వాళ్లు కాచిన సూపు వాళ్లే తాగాలి. నవంబర్ 11న సంతకం పెట్టే బృందానికి నాయకుడిగా వెళ్లింది సైన్యాధిపతి కాదు, మాథియాస్ ఎర్జ్‌బెర్గర్ అనే క్యాథలిక్ పార్టీ నాయకుడు. ఏడాది తిరిగేసరికి, 1919 నవంబర్ 18న, పార్లమెంటరీ విచారణ సంఘం ముందు యుద్ధకాలపు సైన్యాధిపతి హిండెన్‌బర్గ్ నిలబడి జర్మన్ సైన్యాన్ని వెనకనుంచి పొడిచారన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. యూదులు యుద్ధానికి ఎగ్గొట్టారన్న పుకారు మీద 1916లో సైన్యమే యూదు సైనికుల లెక్క తీసింది, ఫలితాలు బయటపెట్టలేదు. దాదాపు పన్నెండు వేలమంది యూదు సైనికులు ఆ యుద్ధంలో చనిపోయారు. ఎర్జ్‌బెర్గర్‌ను 1921 ఆగస్టులో బ్లాక్ ఫారెస్ట్‌లో నడుస్తుండగా కాల్చి చంపారు. విదేశాంగ మంత్రి వాల్టర్ రాటెనావ్‌ను మరుసటి ఏడాది జూన్‌లో. హిండెన్‌బర్గ్ మాత్రం 1925లో దేశాధ్యక్షుడయ్యాడు, 1933 జనవరి 30న హిట్లర్‌ను చాన్సలర్‌గా నియమించిన చెయ్యి ఆయనదే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత యూదుల పేరెత్తడం సభ్యతగల రాజకీయాల్లో కుదరలేదు. ముడి మాత్రం అలాగే ఉంది, పేర్లు మారాయి. 1950 ఫిబ్రవరిలో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ విదేశాంగ శాఖలో కమ్యూనిస్టులున్నారన్నాడు. సంఖ్య ఒకసారి 205, ఒకసారి 57, తర్వాత 81. అందరికీ ఆ సంఖ్యలే గుర్తుంటాయి, కానీ ఆ ప్రసంగంలో అసలు విసురు వేరే ఉంది. దేశాన్ని అమ్ముకుంటున్నది పేదలో మైనారిటీలో కాదు, వెండి స్పూన్లతో పుట్టిన బాబులు అన్నాడు. ఖరీదైన కాలేజీల్లో చదివిన దొరబాబు, మాస్కో కమ్యూనిస్టు, ఇద్దరూ ఒక జట్టు. అప్పటివరకూ రైట్ అంటే పెద్దింటి వ్యవహారం. మెకార్తీ దాన్ని పెద్దింటి మీదికే తిప్పాడు. అక్కడక్కడా నిజమైన సోవియట్ గూఢచారులు ఉండేవాళ్లు కూడా, కానీ వాళ్లను పట్టుకున్నది ఆయన కాదు. 1954 డిసెంబరులో సెనేట్ 67–22 ఓట్లతో ఆయన్ని అభిశంసించింది.

ఆ వారసత్వాన్ని రాబర్ట్ వెల్చ్ అందుకున్నాడు. మిఠాయిల వ్యాపారం చేసి రిటైరైన మనిషి. 1958 డిసెంబరులో ఇండియానాపోలిస్‌లో జాన్ బర్చ్ సొసైటీ పెట్టాడు. నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం దగ్గర్నుంచి పౌరహక్కుల ఉద్యమం దాకా అంతా కమ్యూనిస్టు పన్నాగమే అన్నది వాళ్ల పాట. దక్షిణాది రోడ్ల పక్కన హోర్డింగులు వెలిశాయి, మార్టిన్ లూథర్ కింగ్ కమ్యూనిస్టు శిక్షణ బడిలో కూర్చున్నాడంటూ ఫొటో. ఆ ఫొటో 1957లో టెనెసీలోని హైలాండర్ స్కూల్ అనే కార్మిక, పౌరహక్కుల శిక్షణ కేంద్రంలో తీసింది. మళ్లీ అదే లెక్క: నల్లవాళ్లు తమంతట తాము హక్కులడగలేరు, వెనక పెద్దలెవరో ఉండాలి. వెల్చ్ అక్కడితో ఆగక, అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ తెలిసి తెలిసి కమ్యూనిస్టు కుట్రకు పనిచేసే ఏజెంటని రాశాడు. రసెల్ కర్క్ అనే కన్సర్వేటివ్ పండితుడు దానికి, ఐక్ (ఐజెన్‌హోవర్ ముద్దుపేరు) కమ్యూనిస్టు కాదయ్యా, గోల్ఫ్ ఆడుకునేవాడు అన్నాడట.

1962లో కన్సర్వేటివ్ సంపాదకుడు విలియం బక్లీ తన పత్రికలో వెల్చ్‌ను కడిగేశాడు. కన్సర్వేటివ్ పెద్దలు పిచ్చివాళ్లను గేటు బయటికి నెట్టేశారని ఇప్పటికీ గొప్పగా చెబుతుంటారు. నేను అంతగా నమ్మను. మొదట్లో బక్లీ తిట్టింది వెల్చ్‌ను, సభ్యులను కాదు. 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ ప్రచారానికి ఇంటింటికీ తిరిగిన కార్యకర్తల్లో బర్చ్ సభ్యులు చాలామంది. గేటు మూసినట్టు కనిపించింది, గడియ మాత్రం పెట్టలేదు. ఆ ఏడాదే చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాడర్ ఈ ధోరణిని అనుమానపు మనస్తత్వపు శైలిగా వర్ణిస్తూ వ్యాసం రాశాడు. ఇప్పటికీ అందరూ దాన్నే ఉదహరిస్తారు. వర్ణన అద్భుతం. కానీ అది అంచున ఉన్న కొందరి జబ్బన్నట్టు చదువరులకు తోచేలా ఉంటుంది, అక్కడే నాకు పేచీ. జోసెఫ్ యుసిన్‌స్కీ, జోసెఫ్ పేరెంట్ అనే పరిశోధకులు న్యూయార్క్ టైమ్స్‌కు వందేళ్లకు పైగా వచ్చిన లక్షకు పైగా ఉత్తరాలు తిరగేసి చెప్పిందేమిటంటే, కుట్ర ఆరోపణలు అధికారంలో ఉన్న పక్షం మీదే ఎక్కువ పడతాయి. అంటే ఇది జబ్బు కంటే ఎక్కువగా ఓడినవాడి ఆయుధం.

ప్రపంచమంతటినీ ఒకే ప్రభుత్వం కిందికి తెచ్చే రహస్య పథకం నడుస్తోందనే 1990ల 'నూతన ప్రపంచ వ్యవస్థ' కథలను త్వరగా దాటేస్తాను. ఒక్క సంగతి చాలు. 1991లో టీవీ పాస్టరు ప్యాట్ రాబర్ట్‌సన్ రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. ఆయన ఆధారపడినవాళ్లలో నెస్టా వెబ్‌స్టర్ అనే 1920ల బ్రిటిష్ రచయిత్రి ఉంది. ఆమె ఆధారపడింది బారుయేల్, రాబిసన్‌ల మీద. ఇల్యూమినాటి తిరిగి ఇంటికొచ్చింది.

ఇక మన కాలం. ఇక్కడ ఒకటి గమనించాలి: అధికారంలో కూర్చున్నాక కూడా కుట్ర కథ ఆగదు. హంగరీ చూడండి. తర్వాత ప్రధాని అయిన విక్టర్ ఓర్బాన్ 1989లో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్నది హంగరీలో పుట్టిన అమెరికన్ ఫైనాన్షియర్ జార్జ్ సొరోస్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ మీద. 2015లో సిరియా శరణార్థులు వచ్చారు. 2017 నాటికి హంగరీ బస్టాపుల్లో, మెట్రోల్లో సొరోస్ నవ్వుతున్న ఫొటోతో ప్రభుత్వ పోస్టర్లు, ఆఖరి నవ్వు ఆయన్ని నవ్వనివ్వొద్దని. ప్రభుత్వ ఖర్చుతో ఇంటింటికీ 'సొరోస్ ప్లాన్' మీద ప్రశ్నపత్రాలు వెళ్లాయి. 2018 ఏప్రిల్‌లో ఓర్బాన్ మూడింట రెండొంతుల మెజారిటీతో గెలిచాడు, జూన్‌లో 'స్టాప్ సొరోస్' చట్టం వచ్చింది. అప్పుడు ఓర్బాన్ చేతిలో పార్లమెంటుంది, రాజ్యాంగం మార్చే బలం ఉండేది, మీడియాలో పెద్ద భాగం ఉండేది. అయినా బాధితుడే. పాపులిస్టు నాయకుడు గెలిచాక ఎదురయ్యే ఇబ్బంది ఇదే: పెద్దల మీద తిరగబడతానన్నవాడు తానే పెద్దయ్యాడు. ఇంకా పెద్దవాడు ఎవడో దేశం బయట ఉండాలి. యూదు కోటీశ్వరుడు పైన, ముస్లిం శరణార్థి కింద. 1835లో మోర్స్ గీసిన బొమ్మనే కదా ఇది, ముఖాలు తప్ప.

పోలండ్ కథ నా మూడు పాత్రల లెక్కలో సరిగ్గా ఇమడదు, అయినా చెప్పాలి. 2010 ఏప్రిల్ 10న రష్యాలోని స్మోలెన్‌స్క్ దగ్గర పొగమంచులో విమానం కూలి అధ్యక్షుడు లెఖ్ కచీన్‌స్కీతో సహా 96 మంది పోయారు. పోలండ్ సొంత దర్యాప్తు సిబ్బంది తప్పిదాలనే చూపింది. అధ్యక్షుడి కవల సోదరుడి పార్టీ మాత్రం ప్రతి నెలా పదో తేదీన వార్సాలో జనాన్ని పోగేసింది. 2015లో గెలిచాక, పేలుడు జరిగిందని వాదించిన ఆంతోని మచరేవిచ్‌ రక్షణ మంత్రయ్యాడు, ప్రత్యేక కమిటీ పెట్టారు. అది 2023 చివర్లో కొత్త ప్రభుత్వం రద్దుచేసేదాకా నడిచింది. సోదరుణ్ని పోగొట్టుకున్న దుఃఖం నిజం. దానికి ప్రభుత్వ శాఖ ఒకటి ఏర్పడింది.

మాటలతో ఆగిందా అంటే, లేదు. రెనో కామ్యు అనే ఫ్రెంచి రచయిత 2011లో 'మహా మార్పిడి' అనే మాట ప్రచారంలోకి తెచ్చాడు. యూరప్ జనాన్ని వలసవాళ్లతో మార్చేస్తున్నారన్నది సారం. 2018 అక్టోబరులో పిట్స్‌బర్గ్ సినగాగ్‌లో 11 మందిని చంపినవాడు, శరణార్థులకు సాయపడే యూదు సంస్థ దాడిచేసేవాళ్లను దేశంలోకి తెస్తోందని కాల్పులకు ముందు ఆన్‌లైన్‌లో రాశాడు. పైవాడు, కిందివాడు, ముడి, ఒకే పోస్టులో. 2019 మార్చిలో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది. అదే ఏడాది ఎల్ పాసోలో 23 మంది. 2022 మేలో బఫెలోలో 10 మంది నల్లజాతివాళ్లు.

మీ మూడో ప్రశ్న. నిజమైన కుట్రలు ఉన్నాయి, తిరుగులేకుండా ఉన్నాయి. వాటర్‌గేట్ ఉంది. అమెరికాలోని టస్కెగీలో ప్రభుత్వ ఆరోగ్య శాఖ దాదాపు 600 మంది నల్లజాతి పురుషులతో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ప్రయోగం నడిపి, మందు వచ్చాక కూడా ఇవ్వలేదు. కానీ వాటి రూపం చూడండి. లక్ష్యం చిన్నది, మనుషులు కొద్దిమంది, బయటపడింది కాగితాలతో, సాక్షులతో. అమెరికా అధ్యక్షుడి అధికారమంతా ఉండి కూడా నిక్సన్ వాటర్‌గేట్‌లోని ఒక ఆఫీసు దొంగతనాన్ని 1972 జూన్ నుంచి 1974 ఆగస్టు దాకానే దాచగలిగాడు. టస్కెగీ అయితే పూర్తి రహస్యం కూడా కాదు, మధ్యలో వైద్య పత్రికల్లో వ్యాసాలు అచ్చయ్యాయి. ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

ఇంకో సంగతి, దీన్ని తక్కువమంది గమనిస్తారు. పెద్ద అబద్ధపు కుట్ర చాలాసార్లు చిన్న నిజమైన కుట్రకు దుప్పటి. డ్రైఫస్ వ్యవహారంలో కుట్ర జరిగింది, చేసింది ఆర్మీ కార్యాలయంలో నకిలీ పత్రం అతికించిన అధికారి. వెన్నుపోటు కథలో పన్నాగం ఉంది, ఓటమిని పౌర నాయకుల తలకు చుట్టినది లూడెన్‌డార్ఫ్. కాబట్టి ఎవరైనా మహాకుట్ర అని అరుస్తుంటే, ఆ అరుపు చాటున ఎవరి పని సాగుతోందో ముందు చూడండి.

2020 అమెరికా ఎన్నిక ఇందుకు దగ్గరి ఉదాహరణ. బయట టీవీల్లో దేశవ్యాప్త మోసమన్నారు. నవంబర్ 17న పెన్సిల్వేనియా ఫెడరల్ కోర్టులో జడ్జి అడిగితే, ఇది మోసం కేసు కాదని ట్రంప్ లాయరు రూడీ జూలియానీయే ఒప్పుకున్నాడు. అబద్ధం చెబితే శిక్ష పడే చోట ఒక మాట, పడని చోట ఒక మాట. ఇది తేడా పట్టుకోవడానికి నేను వాడే మొదటి పద్ధతి. జనవరి 2న ట్రంప్ జార్జియా ఎన్నికల అధికారికి ఫోన్ చేసి 11,780 ఓట్లు కావాలన్నాడు. రికార్డింగ్ ఉంది.

రెండో పద్ధతి ఒక ప్రశ్న: ఏం తేలితే మీరు ఒప్పుకుంటారు? ఏం తేలినా ఒప్పుకోనంటే అది అనుమానం కాదు, విశ్వాసం. అరిజోనాలో బైడెన్ గెలిచింది 10,457 ఓట్లతో. రిపబ్లికన్ల చేతిలోని రాష్ట్ర సెనేట్ 2021లో మరికోపా కౌంటీ బ్యాలెట్లు మళ్లీ లెక్కించే పని తమకు నచ్చిన కంపెనీకే ఇచ్చింది. ఫీనిక్స్‌లోని పాత స్టేడియంలో సుమారు 21 లక్షల బ్యాలెట్లు పరిచారు. ఆసియానుంచి దొంగ ఓట్లు వచ్చాయన్న పుకారుండటంతో కాగితంలో వెదురు నార ఉందేమోనని కెమెరాలు పెట్టి వెతికారు. నెలలు గడిచాయి. సెప్టెంబరులో ఫలితం వచ్చింది: బైడెన్‌కు ముందు లెక్క కంటే 99 ఓట్లు ఎక్కువ, ట్రంప్‌కు 261 తక్కువ. ఆ నివేదికే మోసానికి తిరుగులేని రుజువని ట్రంప్ ప్రకటన చేశాడు. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలో 2020 ఎన్నిక దొంగిలించారన్న నినాదంతో కారీ లేక్ గవర్నర్ పదవికి రిపబ్లికన్ టికెట్ గెలుచుకుంది. నవంబరులో సుమారు 17 వేల ఓట్లతో ఓడిపోయింది. ఆ ఓటమినీ ఒప్పుకోలేదు, కోర్టుకెళ్లింది.